పన్ను పీకిన మూడో రోజు

చంద్రగిరిలో గానీ తిరుపతిలో గానీ పన్ను పీకించుకోవడానికి పోతే, కాస్త జాగ్రత్తగల డాక్టరు ముందుగా ఓ చీటీ రాసిస్తాడు. బీటీ, సీటీ, షుగరు. పక్క ల్యాబులో కుర్రాడు వేలికొసను సూదితో గుచ్చి, అరనిమిషానికోసారి ఫిల్టరు కాగితం అద్దుతాడు. కాగితం మీద మరక పడడం ఆగేసరికి పట్టిన సమయం బీటీ, అంటే బ్లీడింగ్ టైం. తర్వాత సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, అరనిమిషానికో ముక్క చొప్పున విరుస్తూ పోతాడు. విరిచిన చోట రెండు ముక్కల మధ్య పోగు సాగితే రక్తం గడ్డకట్టినట్టు. అది సీటీ, క్లాటింగ్ టైం. రెండూ నార్మల్ అని కాగితం చేతికి రాగానే రోగికీ డాక్టరుకీ కూడా ధైర్యం వస్తుంది.

ఆ ధైర్యానికి ఆధారం చాలా తక్కువ. గాజు గొట్టం పరీక్ష తేడా చూపాలంటే రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్లనే ప్రొటీన్లలో ఒకటి దాదాపు అడుగంటి ఉండాలి. ఫ్యాక్టర్-8 మామూలు మనిషిలో ఉండేదానిలో పదో వంతే ఉన్న మనిషికి కూడా బీటీ, సీటీ రెండూ నార్మల్ అనే రావచ్చు. ఆ మనిషి పొద్దున పన్ను పీకించుకుని, మధ్యాహ్నానికి ఇంటికి పోయి, రాత్రి నిద్రపోతాడు. తెల్లారేసరికి దిండు తడిసిపోయి ఉంటుంది. లేదంటే రెండు రోజులు ఏమీ కాక, మూడో రోజు మొదలవుతుంది. పరీక్ష నిమిషాలను కొలుస్తుంది, జబ్బు రోజుల్లో బయటపడుతుంది. పుట్టుకతో రక్తం సరిగా గడ్డకట్టనివాళ్ళ దవడలో పోయిన పన్నుకు బదులు ఇంప్లాంట్, అంటే టైటానియం స్క్రూ, బిగించడమంటే ఈ రెండు లెక్కల మధ్య తేడాను దాటడమే.

చెరువు కట్టకు గండి పడినప్పుడు ఊళ్ళోవాళ్ళు ఏం చేస్తారో తెలిసినవాళ్ళకు రక్తం గడ్డకట్టడం సులువుగానే అర్థమవుతుంది. మొదట గుంజలు పాతి, ఇసుక బస్తాలు వేసి నీటి ఉరవడి ఆపుతారు. ఆ తర్వాత బంకమట్టి తెచ్చి బస్తాల సందుల్లో కూరి, తొక్కి గట్టి చేస్తారు. రక్తనాళం తెగినప్పుడు బస్తాలుగా వచ్చిపడేవి ప్లేట్‌లెట్లు. వాటిని కొట్టుకుపోకుండా పట్టి ఉంచే గుంజ వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్. బంకమట్టి ఫైబ్రిన్. ఫ్యాక్టర్-8, ఫ్యాక్టర్-9 లాంటివి ఒకదాన్నొకటి తట్టిలేపుకుంటూ పోతే చివరికి ఈ ఫైబ్రిన్ తయారవుతుంది. దాన్ని తొక్కి గట్టిపరిచేది ఫ్యాక్టర్-13.

ఎక్కడ లోపముందో దాన్నిబట్టి గండి ఎప్పుడు మళ్ళీ తెగుతుందో చెప్పొచ్చు. బస్తాలే పనికిరానివైతే, అంటే గ్లాంజ్‌మన్ జబ్బు ఉంటే, కుర్చీలో కూర్చుని ఉండగానే రక్తం ఆగదు. గుంజ బలహీనమైతే వాన్ విల్లిబ్రాండ్ జబ్బు. అక్కడా రక్తం మొదట్లోనే ఇబ్బంది పెడుతుంది. బస్తాలు బాగుండి మట్టి చాలకపోతే హీమోఫీలియా: ఎనిమిదో ఫ్యాక్టర్ లేకుంటే ఏ రకం, తొమ్మిదోది లేకుంటే బీ రకం. ఇందులో మొదట రక్తం మామూలుగానే ఆగుతుంది. డాక్టరు, రోగి ఇద్దరూ మోసపోయేది ఇక్కడే. ఇక ఫ్యాక్టర్-13 లేనివాళ్ళలో బీటీ, సీటీలతో పాటు పెద్ద ల్యాబుల్లో చేసే పీటీ, ఏపీటీటీ అనే గడ్డకట్టే పరీక్షలు కూడా నార్మలే. గడ్డ కట్టడం కట్టేస్తుంది, నిలవడమే నిలవదు. పుట్టిన బిడ్డకు బొడ్డు ఊడిన చోట రక్తం కారి ఉంటే ఈ ఫ్యాక్టర్‌ను అనుమానించాలి.

పైగా ఇది నోరు. చేతి మీద గాయమైతే కట్టుకట్టి పొడిగా ఉంచుతాం. నోట్లో గాయం రోజంతా ఉమ్మిలో నానుతూ ఉంటుంది. ఉమ్మిలోనూ చిగుళ్ళలోనూ గడ్డను కరిగించే వ్యవస్థను రేపే పదార్థాలు ఉంటాయి. మామూలు మనిషిలో ఫైబ్రిన్ దట్టంగా అల్లుకుని ఉంటుంది గనక ఈ కరుగుడును తట్టుకుంటుంది. హీమోఫీలియా ఉన్న మనిషిలో కట్టిన గడ్డే బోలుగా, పోగులు పలచగా ఉంటుంది. అందుకే మోకాలికి దెబ్బ తగిలితే నొప్పి ఓర్చుకుని ఇంట్లో ఉండే మనిషి కూడా నోట్లో రక్తానికి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తుంది.

దీనికి విరుగుడు జపాన్ నుంచి వచ్చింది. పరిశోధకురాలు ఉటాకో ఒకామోటో, ఆమె భర్త షోసుకే 1962లో ట్రానెక్జామిక్ ఆమ్లాన్ని ప్రపంచానికి చెప్పారు. గడ్డను కరిగించే ప్లాస్మిన్ ఫైబ్రిన్‌ను పట్టుకునే కొక్కేల్లాంటి చోట్లను ఈ మందు ముందే ఆక్రమించేస్తుంది. కొత్తగా గడ్డ కట్టించదు, కట్టినదాన్ని కరగనివ్వదు, అంతే. మందుల షాపులో దొరికే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి పది మిల్లీలీటర్ల నీళ్ళలో నలిపితే సరిగ్గా 5 శాతం ద్రవం అవుతుంది. ఆ ద్రవాన్ని రెండు నిమిషాలు నోట్లో మెల్లగా తిప్పి ఉమ్మేయడం, రోజుకు నాలుగుసార్లు, వారం రోజులు. ఇంత చవకైన మందు ఇంత పెద్ద పని చేయడం వైద్యంలో తరచూ చూసేది కాదు. అయితే ఎవరికి వాళ్ళు మొదలుపెట్టేది కాదిది. మూత్రంలో రక్తం పడుతున్నవాళ్ళకు, రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు ఉన్నవాళ్ళకు ఈ మందు మాత్ర రూపంలో ఇవ్వకూడదు.

ఇక ఫ్యాక్టర్ లెక్క. కిలో బరువుకు ఒక యూనిట్ ఎక్కిస్తే ఫ్యాక్టర్-8 రక్తంలో 2 శాతం పెరుగుతుంది. 60 కిలోల మనిషికి సున్నా నుంచి 50 శాతానికి తేవాలంటే 1,500 యూనిట్లు కావాలి. ఫ్యాక్టర్-9 అయితే యూనిట్‌కు ఒక్క శాతమే, కాబట్టి 3,000. ఫ్యాక్టర్-8 రక్తంలో సగానికి తరిగిపోవడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది. పన్నెండు గంటలనే అనుకుందాం. పొద్దున 50 శాతం, రాత్రికి 25, మర్నాడు పొద్దున పన్నెండున్నర, రెండో రోజు పొద్దున మూడుకు అటూఇటూ, మూడో రోజు పొద్దునకు ఒక శాతం కంటే తక్కువ. ఒక శాతం లోపు అంటే తీవ్ర హీమోఫీలియా. అంటే మూడో రోజుకు మనిషి మళ్ళీ మొదటికొచ్చాడు, దవడలో పుండు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. మూడో రోజు రక్తం వెనక వింతేమీ లేదు, ఈ తీసివేతే ఉంది.

ఈ జబ్బులు ఇంట్లో ఎవరికున్నాయో తెలుసుకోవడం ఎలా? హీమోఫీలియా అనగానే విక్టోరియా రాణి సంతానం కథ చెప్పడం రివాజు. అంత దూరం పోనక్కర్లేదు. మన చుట్టరికాల్లో ఒకే ఒక్క మాట అడిగితే చాలు: మీ మేనమామకు ఎలా ఉంది? హీమోఫీలియా జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి దాన్ని మోస్తుంది, కొడుకుకు జబ్బు రావచ్చు, అదే జబ్బు తల్లి అన్నదమ్ముల్లో కనిపించవచ్చు. జబ్బున్న మేనమామ, జన్యువు మోస్తున్న అక్క కూతురిని చేసుకుంటే ఆడపిల్లకు కూడా నిజమైన హీమోఫీలియా రావచ్చు. ప్రతి ఆడబిడ్డకూ సగం అవకాశం. పాఠ్యపుస్తకాల్లో అరుదని రాసే ఈ సంగతి అక్క కూతురిని ఇచ్చే రాయలసీమ పల్లెల్లో లెక్కలోకి తీసుకోవాల్సిందే. అయితే మూడింట ఒకరికి జబ్బు కొత్తగా పుట్టుకొస్తుంది గనక "మా వంశంలో ఎవరికీ లేదు సార్" అన్న మాటతో పని అయిపోదు.

ఫ్యాక్టర్-13 లోపం, గ్లాంజ్‌మన్, వాన్ విల్లిబ్రాండ్‌లో తీవ్రమైన మూడో రకం వేరే దారిలో వస్తాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులూ కలవాలి. తండ్రి, తల్లికి సొంత మేనమామే అయితే బిడ్డలో ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకుంటే పదహారింట ఒకటి. చంద్రగిరి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి పోయే రైలెక్కితే చేరే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఈ జబ్బుల మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. దక్షిణాదిలో గ్లాంజ్‌మన్ ఉన్న, ఒకరికొకరు బంధువులు కాని 15 మందిని అక్కడివాళ్ళు పరీక్షిస్తే అప్పటిదాకా ఎవరూ చూడని జన్యుమార్పులు 10 బయటపడ్డాయని 2006లో రాశారు. దాదాపు ఒక్కొక్క కుటుంబంలో ఒక్కొక్క తప్పు, అది ఆ కుటుంబంలోనే తిరుగుతూ ఉంది.

పన్నుకూ ఈ జబ్బులకూ చుట్టరికం పాతదే. ఇటలీలోని మిలాన్‌లో మన్నుచ్చి అనే వైద్యుడు 1977లో డెస్మోప్రెసిన్ అనే మందును స్వల్ప హీమోఫీలియా, వాన్ విల్లిబ్రాండ్ జబ్బు ఉన్నవాళ్ళకు ఎక్కించి చూశాడు. మొదట పరీక్షించింది పళ్ళు పీకే సందర్భంలోనే. అప్పటిదాకా అతిమూత్రానికి వాడే ఈ మందు రక్తనాళాల గోడల్లో దాచి ఉన్న వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్‌ను, దానితోపాటే ఎనిమిదో ఫ్యాక్టర్‌ను రక్తంలోకి వదిలిస్తుంది. వాటి స్థాయి కొన్ని రెట్లు పెరుగుతుంది. ఉన్నదాన్ని పెంచుతుందే గానీ లేనిదాన్ని తేలేదు గనక తీవ్రమైన జబ్బుకు పనికిరాదు. తొమ్మిదో ఫ్యాక్టర్‌ను అసలే కదిలించదు. మందు పడినరోజు నీళ్ళు తక్కువ తాగాలి, లేకుంటే ఒంట్లో ఉప్పు పడిపోతుంది.

ఇంప్లాంట్ కథ కూడా రక్తంతోనే మొదలైంది. స్వీడన్‌లో పర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ళ కాలి ఎముకలో టైటానియం గదిలాంటిది బిగించి, లోపల రక్తం ఎలా పారుతుందో చూస్తున్నాడు. చూడడం అయ్యాక ఆ ఖరీదైన టైటానియం ఊడబెరుకుదామంటే ఊడలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో యోస్టా లార్సన్ అనే మనిషి దవడలో మొదటి ఇంప్లాంట్లు బిగించారు. ఆయన 2006లో చనిపోయేదాకా అవి పనిచేశాయి.

స్క్రూ బిగించగానే ఎముక అంటుకోదు. మొదట స్క్రూ చుట్టూ రక్తం గడ్డకడుతుంది. ఆ ఫైబ్రిన్ పోగుల వెంట ఎముక కట్టే కణాలు పాకుతూ టైటానియం దాకా వస్తాయి. గడ్డ సరిగా లేకపోతే ఆ దారే సరిగా లేదన్నమాట. హీమోఫీలియా బీ ఉన్న ఎలుకల్లో చర్మం గాయం ఆలస్యంగా మానుతుందని 2006లోనే చూశారు. మొదటి గంటల్లో రక్తం ఆపడం ఒక పని, గాయం మానేదాకా గడ్డను నిలపడం ఇంకో పని. పైగా చిన్నప్పటి నుంచి కీళ్ళలో రక్తం చేరి నడక తగ్గిన హీమోఫీలియా రోగుల్లో ఎముక సాంద్రత కూడా తగ్గి ఉంటుంది. ఇన్ని ఉన్నా ఇంప్లాంట్లు నిలిచాయన్న నివేదికలు చాలా దేశాల నుంచి వచ్చాయి. కానీ అవి ఎక్కువగా ఒకరిద్దరి కథలే. బాగా జరిగినవాటినే పత్రికకు రాస్తారన్నది మరిచిపోకుండా వాటిని చదవాలి.

ఇంప్లాంట్ రోజు భయపడాల్సింది డ్రిల్లుకు కాదు. మొదటి భయం మత్తు సూదికి. కింది దవడలో ఒక పక్క మొత్తం మొద్దుబారడానికి వెనక దవడ లోపలివైపు లోతుగా ఇచ్చే ఇంజెక్షన్ ఒకటుంది. సూది అక్కడ చిన్న నాళాన్ని గీరితే, ఫ్యాక్టర్ లేని మనిషిలో రక్తం మెత్తటి కండల సందుల్లోకి పాకి, గొంతు దాకా వాచి, ఊపిరి ఆడకుండా చేయొచ్చు. బయటికి చుక్క కూడా కనబడదు. కాబట్టి ఫ్యాక్టర్ ఎక్కించకుండా ఆ సూది ఇవ్వకూడదు. వీలైన చోట పన్ను పక్కన చిగురులోనే ఇచ్చే సూది మేలు. రెండో భయం కింది దవడ ముందుభాగానికి. డ్రిల్లు లోపలి గోడను దాటి నాలుక కింది ధమనిని తాకితే ఆరోగ్యవంతుడికే ప్రాణం మీదికొస్తుంది. అందుకే దవడ ఎముకను అన్నివైపులా చూపే సీబీసీటీ స్కాన్ చూసి, పొట్టి స్క్రూ ఎంచుకుని, చిగురు విప్పకుండా చిన్న రంధ్రంతోనే పని ముగించాలని చూస్తారు.

ప్రపంచ హీమోఫీలియా సమాఖ్య 2020లో వెలువరించిన మూడో విడత మార్గదర్శకాలకు ముఖ్య రచయిత వేలూరు సీఎంసీకి చెందిన అలోక్ శ్రీవాస్తవ. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చిన్న ఆపరేషన్లకు ఫ్యాక్టర్-8 ఎంత ఉండాలో చెబుతూ రెండు వరుసలు ఇచ్చారు. డబ్బుకు వెరవని దేశాల వాడుక ఆపరేషన్ ముందు 50 నుంచి 80 శాతం, తర్వాత ఒకటి నుంచి అయిదు రోజులు 30 నుంచి 80. ఫ్యాక్టర్‌ను పొదుపుగా వాడేచోట ముందు 40 నుంచి 80, తర్వాత 20 నుంచి 50. రెండో వరుస పేదల కోసం వేసిన రాజీ కాదు, తక్కువతో కూడా పని జరిగిందని ఏళ్ళ తరబడి చూసి రాసినది. ఫ్యాక్టర్‌ను తగ్గించిన మేర కుట్లు, ట్రానెక్జామిక్ పుక్కిలి, ఫైబ్రిన్ జిగురు, పంటి కింద నొక్కిపట్టే గాజుగుడ్డ పని చేయాలి.

ఈ పొదుపు లెక్కే ఇంప్లాంట్ పద్ధతిని నిర్ణయిస్తుంది. మామూలుగా స్క్రూ బిగించి చిగురు కుట్టేసి, మూడు నాలుగు నెలల తర్వాత మళ్ళీ కోసి, పైభాగం బిగించి, ఆపైన క్యాప్ వేస్తారు. రెండుసార్లు కోస్తే రెండుసార్లు ఫ్యాక్టర్. అదే మొదటిరోజే పైభాగం చిగురు బయటికి కనబడేలా వదిలేస్తే రెండో కోత తప్పుతుంది. పాత పిప్పి పన్ను పీకడం, అదే గుంతలో స్క్రూ దించడం, వీలుంటే ఇంకో పక్క రెండో స్క్రూ, ఇవన్నీ ఒకే ఫ్యాక్టర్ మోతాదు నీడలో ముగించవచ్చు. ఎముక చాలక పైదవడ సైనస్ లేపి ఎముకపొడి నింపాల్సి వస్తే మాత్రం అది వేరే ఆపరేషన్. అలాంటివాళ్ళకు బ్రిడ్జో, తీసిపెట్టే పళ్ళసెట్టో చాలని చెప్పే డాక్టరు మంచి డాక్టరే.

ఇంటికొచ్చాక చేయకూడనివే ఎక్కువ. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, యాస్పిరిన్ వద్దు, అవి ప్లేట్‌లెట్ల పనిని చెడగొడతాయి. పారాసిటమాల్ చాలు. కండలోకి ఇంజెక్షన్లు వద్దు. మొదటిరోజే వేడి ఉప్పునీళ్ళు గుడగుడా పుక్కిలించే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది, అది కట్టిన గడ్డను కడిగేస్తుంది. తిండికి మాత్రం సీమవాళ్ళకు ఇబ్బంది లేదు. రాగిసంగటి నమిలేది కాదు, మింగేదే. చల్లారనిచ్చి, కారం లేని పప్పులో ముంచుకుంటే ఇంతకంటే మంచి పథ్యం లేదు.

కొందరి ఒంట్లో ఎక్కించిన ఫ్యాక్టర్‌నే శత్రువుగా చూసే యాంటీబాడీలు పుడతాయి. తీవ్ర హీమోఫీలియా ఏలో దాదాపు మూడోవంతు మందికి ఇది జరుగుతుంది. వాళ్ళకు ఇంప్లాంట్ అన్న మాట దాదాపు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన ఎమిసిజుమాబ్ వచ్చాక పరిస్థితి మారింది. చర్మం కింద ఇచ్చే ఈ మందు ఎనిమిదో ఫ్యాక్టర్ చేసే పనిని తాను చేస్తుంది. సగానికి తరగడానికి నాలుగు వారాలు పడుతుంది గనక మూడో రోజు పతనం అన్నదే ఉండదు. ఇందులో ఒక మోసం ఉంది. ఈ మందు పడుతున్న మనిషి ఏపీటీటీ అసలు స్థితితో పనిలేకుండా నార్మల్‌గా కనిపిస్తుంది. బీటీ, సీటీని నమ్మి మోసపోయినట్టే ఏపీటీటీని నమ్మినవాళ్ళూ ఇక్కడ మోసపోతారు. ఎనిమిదో ఫ్యాక్టర్ అవసరం లేకుండా రక్తం గడ్డకట్టించే ఒక బైపాస్ మందుతో కలిస్తే చిన్న నాళాల్లో గడ్డలు కట్టిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి పళ్ళ డాక్టరు, రక్తజబ్బుల డాక్టరుకు ఫోను చేయకుండా సూది ఎత్తకూడని మందుల్లో ఇదొకటి.

వేలూరులో ఇంకో అడుగు కూడా పడింది. రోగి సొంత మూలకణాలు తీసి, వాటిలోకి ఫ్యాక్టర్-8 జన్యువును చేర్చి తిరిగి ఎక్కించే చికిత్స సీఎంసీలో ఐదుగురికి చేశారు. ఫలితాలు 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఆ పరిశీలన కాలంలో ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. కణాలు ఎక్కించే ముందు కీమోథెరపీ తప్పదు గనక పన్ను కోసం ఎవరూ చేయించుకునే చికిత్స కాదిది.

ఇక ప్రభుత్వ సాయం సంగతికొస్తే, హీమోఫీలియా 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో తీవ్ర హీమోఫీలియాకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఆ పింఛనుతో ఇంప్లాంట్ ఆలోచన చేసేవాళ్ళు కొద్దిమందే. చాలామంది పళ్ళు అసలు ఎందుకు పోయాయో అడిగితే జవాబు ఒకటే ఉంటుంది. చిన్నప్పుడు బ్రష్ పెడితే చిగుళ్ళలో రక్తం వచ్చింది, అమ్మ భయపడి బ్రష్ మానిపించింది. మానేశాక గార పేరుకుంది, చిగుళ్ళు వాచాయి, రక్తం ఇంకా ఎక్కువైంది. మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోమితే మొదటి వారం పదిరోజులు రక్తం కనబడి తర్వాత తగ్గుతుంది. చిగురు పైన గార తీయించుకోవడానికి చాలామందికి ట్రానెక్జామిక్ పుక్కిలే సరిపోతుంది, ఫ్యాక్టర్ అక్కర్లేదు. ఇంప్లాంట్ బిగించాక కూడా ఇదే పని. టైటానియానికి పిప్పి పట్టదు, దాని చుట్టూ ఉన్న చిగురుకు మాత్రం వాపు వస్తుంది, ఎముక కరుగుతుంది, రక్తం కారుతుంది. అందుకే స్క్రూ బిగించే ముందు ఆరునెలలు చిగుళ్ళు ఎలా ఉంచుకుంటారో చూసి, అప్పుడు తేదీ ఇచ్చే డాక్టర్లు ఉన్నారు.